‘ఏరా’ నుంచి ‘చండాలం’ దాకా: బొగ్గుబాయి ఊళ్ళో మాటల్లో దాగిన కులం

మా నాన్న మందమర్రిలో కోల్ ఫిల్లర్‌గా పనిచేశారు. తట్టా చెమ్మస్ పట్టిన తరం. ఒకే షిఫ్టులో, ఒకే హోదాలో ఆయనతో పాటు బాయిలోకి దిగే ఇంకో కార్మికుణ్ణి సూపర్‌వైజర్ ‘పటేలా’ అని పిలిచేవాడట. నాన్నను మాత్రం ‘ఏరా’ అనేవాడు. ఆ సూపర్‌వైజర్ నాన్న కంటే వయసులో చాలా చిన్న. సర్వీసు మొత్తంలో తనను ఎవరూ కులం పేరుతో తిట్టలేదని నాన్న చెబుతారు. ‘‘తిట్టే అవసరం వాళ్ళకు రాలే బిడ్డా’’ అని కూడా అంటారు.

ఆ అవసరం ఎందుకు రాలేదో వివరించడానికే ఈ వ్యాసం. కులదూషణ అనగానే మనకు తిట్టు గుర్తొస్తుంది. కానీ తెలుగులో కులం తిట్టు దాకా రాకముందే పిలుపులో ఉంటుంది, ప్రశ్నలో ఉంటుంది, ఒక్కోసారి పొగడ్తలో కూడా ఉంటుంది. చట్టానికి తిట్టు దొరుకుతుంది. మిగతావి చాలావరకు దొరకవు.

క్వార్టర్ నంబర్ చెప్పని సంగతి

సింగరేణి గనులకు ఉమ్మడి కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు పెద్దసంఖ్యలో వచ్చారు. వదిలేసి వచ్చింది వెట్టిని, దొర గడీని. ఇక్కడ దొరికింది నెలజీతం, క్వార్టర్. ఊళ్ళో ఏ వాడలో ఉంటావో చెబితే కులం తెలిసిపోతుంది. క్వార్టర్ నంబర్ చెబితే తెలియదు. అందుకే కాలనీలో కులాన్ని కనిపెట్టే పని, గుర్తుచేసే పని మాటల మీద పడింది.

పిలుపు: ఏరా, నువ్వు, గాడు

స్నేహితుల మధ్య ‘ఏరా’ అవమానం కాదు. ఇద్దరూ ఒకరినొకరు అనుకోగలిగితేనే అది స్నేహం. ఒకరు అని, రెండోవారు ‘సార్’ అనో ‘దొరా’ అనో బదులివ్వాల్సివస్తే అది పెత్తనం. దొరల పెత్తనం నడిచిన పల్లెల్లో దళితుడి పేరు చివర ‘అయ్య’ పలకడానికి నోరు వచ్చేది కాదు. పోచయ్య పోచిగాడయ్యేవాడు, లచ్చమ్మ లచ్చి అయ్యేది. దానికి రెండో వైపున ఉన్నదే ‘నీ బాంచన్, కాల్మొక్త’. బాంచన్ అంటే బానిసనని.

‘‘మేం అందరినీ అట్లనే అంటం’’ అనేది మామూలుగా వినిపించే సమాధానం. దాన్ని పరీక్షించడం సులువు. అదే నోరు, అదే వయసు, అదే ఉద్యోగం ఉన్న ఆధిపత్య కులం మనిషిని ఏమని పిలుస్తోంది?

తిట్టుగా వాడే కులం పేర్లు

‘మాలోడు’, ‘మాదిగోడు’, ‘మాదిగది’: కులం పేరు తిట్టు కాదు. ఏకవచనపు ‘ఓడు’, ‘ది’ తగిలించి, మనిషికి ఉన్న పేరు పక్కనపెట్టి పిలవడంలో అవమానం ఉంది. రెడ్డి, రావు, శర్మ పేరు చివర చేరితే గౌరవం. మాల, మాదిగ అంటే గొంతు తగ్గించి చెప్పుకోవాల్సిన మాటలు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం ఈ లెక్కను తిరగేసింది. వేలమంది తమ పేరు పక్కన మాదిగ అని రాసుకున్నారు. అదే మాట. పలికింది ఎవరు, ఎందుకు అన్నదే మారింది.

‘చండాలం’: ‘కూర చండాలంగా ఉంది’, ‘రోడ్డు చండాలం’ అని చదువుకున్నవాళ్ళూ అంటారు. చండాలుడు మనుస్మృతిలో ఊరి బయట బతకాలని శాసించిన మనిషి. ఆ మనిషి పేరే రోతకు పర్యాయపదమైంది. రోత, ఘోరం, అసహ్యం అనే మాటలు మనకు ఉండనే ఉన్నాయి.

‘దొమ్మరి వేషాలు’: గడ ఎక్కి, తాడు మీద నడిచి విద్య చూపి బతికిన సంచార కులం పేరు. అల్లరికి, మోసానికి, ముఖ్యంగా ఆడవాళ్ళ మీద నిందకు వాడతారు. ‘పిచ్చిగుంట్ల’ అనే పేరుదీ ఇలాంటి బాధే. ఆ కులస్థులు వంశరాజ్ అనే పేరు కోరి తెచ్చుకున్నారు.

‘పాకీ’: మనుషులతో మలం ఎత్తించిన వ్యవస్థ మిగిల్చిన మాట. ఇది ఎస్సీల నోట కూడా వినిపిస్తుందని ఒప్పుకోవాలి.

ప్రశ్న, పొగడ్త

‘మీరేమోళ్ళు?’, ‘మీ ఇంటిపేరేంది?’, ‘మనోడేనా?’: అడిగే తీరులో మర్యాద ఉంటుంది. జవాబు విన్నాక ఆ మర్యాద ఉంటుందా లేదా అన్నది అసలు సంగతి. అద్దె ఇంటి కోసం తిరిగిన దళిత విద్యార్థికి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

‘చూస్తే అట్ల అనిపియ్యరు’: మెచ్చుకోలులా వినిపిస్తుంది. ‘అట్ల’ ఉండేవాళ్ళు ఎలా ఉంటారని చెప్పేవాళ్ళ మనసులో ఉందో ఆ మాటే బయటపెడుతుంది.

‘కోటా క్యాండిడేట్’: రాజ్యాంగం ఇచ్చిన హక్కును దయగా మార్చే మాట. బాయిలో పనిచేసేటప్పుడు పైకప్పు కూలితే అది ఎవరు ఏ కోటాలో వచ్చారో చూడదు.

‘అగ్రవర్ణాలు’, ‘నిమ్న కులాలు’: పత్రికలూ, పరిశోధకులూ అలవాటుగా రాసే మాటలు. ‘అగ్ర’ అంటే పైన, ‘నిమ్న’ అంటే కింద. కులం తనకు తాను ఇచ్చుకున్న కొలమానాన్ని మనమే అచ్చువేస్తున్నాం. ఆధిపత్య కులాలు, అణచివేతకు గురైన కులాలు అంటే జరిగింది జరిగినట్టు చెప్పినట్టవుతుంది.

పేరు పెట్టే హక్కు

పేరు మీద పోరాటం కొత్తది కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ అనే మాటను తిరస్కరించి ‘ఆది ఆంధ్ర’ను ఎంచుకుంది. 1930ల్లో గాంధీ ప్రచారంలోకి తెచ్చిన ‘హరిజన’ను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. కులం సర్టిఫికెట్లలో ఆ మాట రాయవద్దని 1982లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అయినా ‘హరిజనవాడ’ నోళ్ళలో ఇంకా బతికే ఉంది. ‘దళిత’ మనవాళ్ళు ఎంచుకున్న మాట. దాన్ని వాడవద్దని 2018లో కేంద్ర సమాచార శాఖ మీడియాకు సూచించింది. మనకు పెట్టిన పేరు పోవడానికి దశాబ్దాలు పట్టింది. మనం పెట్టుకున్న పేరును ఆపడానికి ఒక్క ఉత్తరం చాలనుకున్నారు.

చట్టం ఎంతవరకు వస్తుంది

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. జనం చూసే, వినే చోట కించపరచాలని అవమానించడం, బెదిరించడం సెక్షన్ 3(1)(ఆర్) కిందికి, కులం పేరుతో దూషించడం 3(1)(ఎస్) కిందికి వస్తాయి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ జైలు, జరిమానా.

స్వరణ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు, మాట పుట్టుక కన్నా ఇవాళ జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారన్నది ముఖ్యమని చెప్పింది. హితేష్ వర్మ కేసులో 2020లో, నాలుగు గోడల మధ్య బయటివారెవరూ లేనప్పుడు అన్న మాటకు ఈ నిబంధన వర్తించదంది. అంటే మస్టర్ దగ్గర, క్యాంటీన్‌లో నలుగురి ముందు అన్న మాట వేరు. తలుపేసిన క్యాబిన్‌లో అన్న మాట వేరు. నిందితుడు కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు.

అందుకే మాట పడ్డ రోజే రాసిపెట్టుకోండి: అన్న మాట ఉన్నదున్నట్టు, తేదీ, సమయం, చోటు, విన్నవాళ్ళ పేర్లు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని సెక్షన్ 18ఏ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. మందమర్రి రామగుండం కమిషనరేట్ కిందికి వస్తుంది కనుక ఇక్కడ ఆ హోదా ఏసీపీది.

ఇంత చేసినా ‘ఏరా’ ఒక్కదాని మీద కేసు నిలబెట్టడం కష్టం. ‘మీరేమోళ్ళు?’ మీద అసలే కుదరదు. అవి పనిచోట, బడిలో, సంఘంలో తేల్చుకోవాల్సినవి. బోనస్ మీద, లాభాల వాటా మీద గేట్ మీటింగులు పెట్టే కార్మిక సంఘాలు పిలుపు మీద ఒక్క మీటింగ్ పెట్టాలి. ‘గనిలో ఎవరినైనా అన్న, అక్క, లేదా పేరు’ అనే తీర్మానానికి పైసా ఖర్చు కాదు. ముందు ఆ సంఘాల ఆఫీసుల్లోనే ఎవరు ఎవరిని ‘ఏరా’ అంటున్నారో ఒక వారం రోజులు చెవులు పెట్టి వింటే చాలు, మీటింగ్ ఎందుకో అర్థమవుతుంది.