మఖ్జన్ నుంచి మ్యాగజైన్ దాకా

మొన్న ఫజర్ తర్వాత పేపర్ తిరగేస్తున్న మా చిన్నమ్మాయి ఒక ఖబర్ దగ్గర ఆగిపోయింది. ఎక్కడో పోలీసులు ఒక పిస్తోలు, రెండు మ్యాగజైన్లు పట్టుకున్నారట. "అబ్బా, దొంగలు పత్రికలు కూడా చదువుతారా?" అంది. నవ్వొచ్చింది గానీ సవాల్ సరైనదే. తూటాలు పెట్టే డబ్బాకీ, నెలనెలా ఇంటికొచ్చే రిసాలాకీ ఒకే పేరెందుకు?

జవాబు కోసం లండన్ దాకా వెళ్లక్కర్లేదు. చిన్నప్పుడు చదివిన అరబీయే చాలు. సజ్దా చేసే చోటు మస్జిద్. దర్స్ చెప్పే చోటు మద్రసా. అదే లెక్కన దాచి భద్రపరిచే చోటు మఖ్జన్. గోదామన్నమాట. దాని బహువచనం మఖాజిన్. మన ఖజానా కూడా ఈ ఖాందాన్‌దే. సూరా యూసుఫ్ 55వ ఆయత్‌లో యూసుఫ్ అలైహిస్సలాం దేశపు నిల్వల బాధ్యత తనకు అప్పగించమని మిస్ర్ రాజును అడుగుతారు కదా, అక్కడ వచ్చే 'ఖజాయిన్' అనే లఫ్జ్ కూడా ఇదే ధాతువు నుంచి పుట్టింది.

మధ్యధరా సముద్రం మీద అరబ్ తాజిర్లతో తిజారత్ చేసిన ఇటలీ వాళ్లు ఈ మాటను 'మగజ్జీనో' చేసుకున్నారు. స్పెయిన్ వాళ్లు ముందున్న 'అల్'ను కూడా వదల్లేదు, 'అల్మసేన్' అన్నారు. ఫ్రెంచిలో అది చివరికి దుకాణం అయింది. మొరాకోలో మాత్రం మఖ్జన్ అంటే ఏకంగా సర్కారే. ఖజానా ఎవరి చేతిలో ఉంటే హుకూమత్ వాళ్లదే అని ఆ జనానికి బాగా తెలిసినట్టుంది. ఇంగ్లీషులోకి 16వ శతాబ్దం చివర్లో గోదాముగానే వచ్చింది. తర్వాత ఫౌజు మందుగుండు దాచే కొట్టుకు అదే పేరు ఖాయమైంది. 19వ శతాబ్దంలో, ఒకదాని వెంట ఒకటి తూటాలు పేలే తుపాకులు వచ్చాక, వాటిలోని చిన్న డబ్బాకూ అదే పేరు పెట్టారు. అదీ తూటాల గోదామే కదా!

ఈ మాట మన తారీఖ్‌లో ఒకసారి పెద్ద చప్పుడే చేసింది. 1857 మే 11న, మీరట్ సిపాయీలు ఢిల్లీ చేరిన రోజు, కశ్మీరీ గేటుకు దగ్గర్లో కంపెనీ వాళ్ల మందుగుండు మ్యాగజైన్ ఉండేది. లెఫ్టినెంట్ విల్లోబీ, అతనితో ఉన్న మరో ఎనిమిది మంది ఇంగ్లీషు వాళ్లు కొన్ని గంటలు దాన్ని కాపాడారు. ఇక నిలవదని తెలిశాక వాళ్లే పేల్చేశారు. ఆ కట్టడం దర్వాజా ఇప్పటికీ లోథియన్ రోడ్డు మీద ఉంది. ఇంగ్లీషు వాళ్లు పెట్టిన ఫలకం సిపాయీలను బాగీలు అంటుంది. దాని కింద ఆజాదీ తర్వాత పెట్టిన ఇంకో ఫలకం ఆ మాటను సరిదిద్దుతుంది. నాకు మరీ విచిత్రంగా తోచేది వేరే సంగతి. ఉర్దూ వాళ్లకు మఖ్జన్ బాగా తెలుసు. అయినా ఫిరంగీ నోట తిరిగొచ్చిన అదే లఫ్జ్‌ను 'మేగ్జీన్' అని కొత్తగా రాసుకున్నారు. సొంత బిడ్డ కోటు వేసుకుని వస్తే గుర్తుపట్టలేకపోయాం!

ఇక పత్రిక సంగతి. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ అనే ప్రచురణకర్త, అక్కడి పేపర్ల నుంచి ఏరిన సంగతులన్నీ ఒకచోట పోసి, 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' అని పేరు పెట్టాడు. పెద్దమనుషుల గోదాము అని దాని మానీ. ఆ పత్రికకు రాసి పొట్టపోసుకున్న శామ్యూల్ జాన్సన్, 1755లో తన డిక్షనరీ వేసినప్పుడు ఈ కొత్త అర్థాన్నీ అందులో చేర్చాడు. 1901లో లాహోర్‌లో షేక్ అబ్దుల్ ఖాదిర్ ఉర్దూ రిసాలా మొదలుపెట్టి పేరేం పెట్టారో తెలుసా? 'మఖ్జన్'. ఇక్బాల్ సాబ్ హిమాలయం మీద రాసిన నజ్మ్ అందులోనే అచ్చయింది. లఫ్జ్ తన అస్లీ పేరుతో ఇల్లు చేరింది.

ఈ కిస్సా తెలిసినప్పటి నుంచి నాకు తొమ్మిదో తరగతి గుర్తొస్తుంది. వ్యాసంలో నేను 'కితాబు' అని రాస్తే మా సారు ఎర్ర సిరాతో కొట్టేసి, "ఈ తురక మాటలు ఇంట్లో పెట్టుకో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు తెలుగు రాయాలంటే చెయ్యి వణికేది. ఆ సారే మా స్కూల్ మ్యాగజైన్‌కు సంపాదకులు. రోజూ పేపర్లో 'ప్రభుత్వ ఖజానా' అని చదివేవారు కూడా.

ఇదంతా చెప్పాక మా అమ్మాయికి హుషారొచ్చింది. గదంతా చూసి, "అయితే అబ్బా, అల్మారా కూడా మనదేనా? ముందు అల్ ఉందిగా!" అంది.

"లేదు బేటా, అది పోర్చుగీసు వాళ్లది."

ముఖం చిన్నబుచ్చుకుని అల్మారా తలుపు వేసేసింది.