తుక్కులోంచి లేచిన కారు: హాట్ రాడ్ల చరిత్ర

మూలనపడిన కారు బాడీని తెచ్చి, దాని కింద వేరే ఏడాది ఛాసిస్ పెట్టి, మరో మోడల్ ఇంజనూ ఇంకో బండి బ్రేకులూ బిగించి కట్టుకునే కారును అమెరికాలో హాట్ రాడ్ అంటారు. దీనికి పుట్టిల్లు దక్షిణ కాలిఫోర్నియా. 1920లలో కుర్రకారు సరదాగా మొదలుపెట్టిన ఈ పని ముప్పై ఏళ్లు తిరిగేసరికి సొంత పందాలూ పత్రికలూ విడిభాగాల పరిశ్రమా ఉన్న వ్యవహారంగా ఎదిగింది. వేగం మీద మోజు అన్ని కాలాల్లోనూ ఉన్నదే. బండి రూపం మాత్రం కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. తుక్కు యార్డుల్లో ఆ రోజుల్లో ఏవి చౌకగా దొరికాయి, వాటిలో ఏవి ఏ బండికి అమరాయి అన్నదాన్నిబట్టే ఆ రూపం కుదిరింది.

మొదట దొరికింది ఫోర్డ్ మోడల్ టి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన ఈ కారులో అత్యంత చౌక రకం ధర 1925లో 260 డాలర్లు. ఒక బండి నుంచి తీసిన భాగం మరో బండిలో సరిగ్గా కూర్చునేలా తయారు చేయడమే ఫోర్డ్ కర్మాగారం బలం. తుక్కులో పడిన ప్రతి బండీ నడిచే బండ్లకు విడిభాగాల గోదాము కావడానికీ అదే కారణం. దాని ఇంజను శక్తి 20 హార్స్‌పవర్ మాత్రమే. దాన్ని పెంచడానికి లూయీ, ఆర్థర్ చెవ్రోలెట్ సోదరులు ఫ్రాంటెనాక్ పేరుతో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్‌లో మరో సంస్థ రాజో పేరుతో కొత్త సిలిండర్ హెడ్‌లు అమ్మారు. పక్కన ఉండే వాల్వులను ఇవి సిలిండర్ నెత్తికి మార్చడంతో గాలీ పెట్రోలూ ఇంజనులోకి సులువుగా చేరేవి. డబ్బు లేనివాళ్లు మడ్గార్డులు, టాపు, ముందు అద్దం ఊడదీసి బరువు తగ్గించుకునేవారు.

1932లో ఫోర్డ్ చౌక కారులో వి8 ఇంజను పెట్టింది. 221 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్ల ఈ ఇంజను మొదట్లో 65 హార్స్‌పవర్ ఇచ్చేది. అంతవరకు ఎనిమిది సిలిండర్ల బండ్లు డబ్బున్నవాళ్లవి. నాలుగైదేళ్లలో ఈ వి8లు ప్రమాదాల్లో నుజ్జయిన కార్లతోపాటు తుక్కు యార్డులకు రావడం మొదలైంది. ఫోర్డ్ మరో పని కూడా హాట్ రాడ్లకు కలిసొచ్చింది. మోడల్ టి నుంచి 1948 దాకా ముందూ వెనకా అడ్డంగా ఒక్కో కమాను కట్ట, గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా గొట్టంలో తిరిగే షాఫ్టు అనే అమరికను కంపెనీ వదల్లేదు. అందుకే ఇరవై ఏళ్ల తేడా ఉన్న భాగాలు కూడా కొద్దిపాటి కోతతో, వెల్డింగుతో కలిసిపోయేవి.

1930ల చివరికి ఈ కూర్పుకు ఒక పద్ధతి ఏర్పడింది. బాడీకి 1928-31 నాటి మోడల్ ఎ రోడ్‌స్టర్‌నో, 1932 రోడ్‌స్టర్‌నో ఎంచుకునేవారు. టాపు లేని ఈ బాడీలు తేలిక, చౌక కూడా. ఛాసిస్‌కు 1932 మోడల్‌ది మేలని పేరు. మోడల్ ఎ కన్నా అది గట్టిది. వి8 కోసమే చేసింది కాబట్టి ఇంజను తేలిగ్గా కూర్చునేది. 1939లో మెర్క్యురీ కారు వచ్చాక దాని 239 ఘనపుటంగుళాల ఇంజనుకు గిరాకీ పెరిగింది. గేరుబాక్సు 1939 ఫోర్డ్‌ది కావాలనుకునేవారు. ఆ మరుసటి ఏడాది నుంచి గేరు కర్ర స్టీరింగు పక్కకు మారిపోయింది. బ్రేకులు 1939, ఆ తర్వాతి బండ్లవే కావాలి. ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చింది ఆ ఏడాదే. అంతకుముందువి కడ్డీలతో లాగే బ్రేకులు. గంటకు వంద మైళ్లకు పైగా వేగంతో పోయే బండిని ఆపడానికి అవి చాలేవి కావు. ముందు ఇరుసును కొలిమిలో కాల్చి వంచితే బండి ముక్కు కిందికి దిగేది. ఇలా ఒకే కారులో నాలుగైదు సంవత్సరాల మోడళ్లు ఇమిడి ఉండేవి.

వీటి సత్తా తేలింది మొహావే ఎడారిలోని ఎండిన చెరువుల మీద. బల్లపరుపుగా గట్టిపడిన మ్యురాక్ చెరువు నేల మైళ్ల కొద్దీ సాగే పందెపు బాటగా పనికొచ్చింది. క్రమం లేని పందాల్లో ప్రమాదాలు పెరగడంతో క్లబ్బులన్నీ కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. దాని తొలి పోటీ 1938 మేలో మ్యురాక్‌లో జరిగింది. తర్వాత ఆ చెరువు సైన్యం చేతికి పోయింది. నేటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అక్కడే ఉంది. పందాలు ఎల్ మిరాజ్‌కు, 1949 నుంచి యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానానికి విస్తరించాయి.

రెండో ప్రపంచయుద్ధంతో 1942 ఫిబ్రవరిలో అమెరికాలో పౌరుల కార్ల తయారీ ఆగిపోయింది. యుద్ధం ముగిశాక సైన్యంలో మెకానిక్కులుగా, వెల్డర్లుగా పనిచేసినవారు చేతిలో కాస్త డబ్బుతో ఇంటికొచ్చారు. సైన్యం వదిలించుకున్న విమాన సామగ్రి కూడా బజారులోకి వచ్చింది. 1946లో బిల్ బర్క్ యుద్ధవిమానం పొట్ట కింద తగిలించే అదనపు ఇంధన ట్యాంకును కొని, దాన్నే బాడీగా చేసి పందెపు కారు కట్టాడు. గాలికి ఎదురు తగలని ఆకారం దానికి పుట్టుకతోనే ఉంది. అలెక్స్ జిడియాస్ 1946లో బర్‌బ్యాంక్‌లో సో-కాల్ స్పీడ్ షాప్ తెరిచాడు. ఆ షాపు కట్టిన ట్యాంకు కారు 1952లో బాన్‌విల్‌లో గంటకు 198 మైళ్ల వేగం, అంటే సుమారు 319 కిలోమీటర్లు, అందుకుంది.

తుక్కు భాగాల శక్తి పెంచే సామాన్లు ఈ కాలంలోనే వ్యాపారమయ్యాయి. రెండు కార్బురేటర్లు పట్టే మానిఫోల్డుతో విక్ ఎడెల్‌బ్రాక్, క్యామ్‌షాఫ్టులతో ఎడ్ ఇస్కెండేరియన్ పేరు తెచ్చుకున్నారు. స్టువర్ట్ హిల్‌బోర్న్ సొంతంగా చేసిన ఇంధన ఇంజెక్షన్‌తో అతని కారు 1948లో ఎండు చెరువుల మీద గంటకు 150 మైళ్ల వేగం దాటిన మొదటిదైంది. అదే ఏడాది జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రిక మొదలుపెట్టడంతో ఒక ఊళ్లో కనిపెట్టిన కిటుకు దేశమంతా పాకింది. వీధి పందాలు పోలీసులకు తలనొప్పి అయిన రోజుల్లో, 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించి తిన్నని బాట మీద నియమాలతో సాగే డ్రాగ్ పందాలకు దారి వేశాడు.

పక్కనే మరో పాయ నడిచింది. కస్టమ్ కార్లు కట్టేవారికి వేగం కన్నా అందం ముఖ్యం. వీరు టాపు స్తంభాలను కోసి ఎత్తు తగ్గించేవారు. బాడీని ఛాసిస్ మీద మరింత కిందికి దించేవారు. అతుకుల మీద కరిగించిన సీసం పోసి ఆకురాయితో నునుపు చేసేవారు. సామ్, జార్జ్ బారిస్ సోదరుల షెడ్డులో తయారైన హిరోహటా మెర్క్ దీనికి మేటి ఉదాహరణ. 1951 మెర్క్యురీ మీద కట్టిన ఈ కారు ముందు జాలీకి ఫోర్డ్ ముక్కలు, పక్క పట్టీలకు బ్యూక్, వెనక దీపాలకు లింకన్ ఆధారం. 2017లో దీన్ని అమెరికా జాతీయ చారిత్రక వాహనాల జాబితాలో చేర్చారు.

1949లో క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ వాల్వులు నెత్తిన ఉండే వి8లు తెచ్చాయి. 1951లో క్రైస్లర్ 180 హార్స్‌పవర్ హెమీ ఇంజను వచ్చింది. కొన్నేళ్లకు ఇవీ తుక్కు యార్డులకు చేరాయి. ఫోర్డ్ గేరుబాక్సుకు పరాయి ఇంజను తగిలించే అడాప్టర్లను చిన్న వర్క్‌షాపులు తయారు చేసి అమ్మాయి. నార్మ్ గ్రబౌస్కీ మోడల్ టి బాడీ ముందు సగానికి మోడల్ ఎ ట్రక్కు తొట్టిని కురచ చేసి అతికించి, క్యాడిలాక్ ఇంజను పెట్టిన కారు 1958లో మొదలైన ‘77 సన్‌సెట్ స్ట్రిప్’ టీవీ ధారావాహికలో కనిపించి ‘టి-బకెట్’ అనే కొత్త తరహాకు నాంది పలికింది. 1955లో వచ్చిన 265 ఘనపుటంగుళాల చెవ్రోలెట్ వి8 చిన్నది, తేలికైనది, లక్షల్లో తయారైంది. పాత ఫోర్డ్‌లో చెవ్రోలెట్ ఇంజను అప్పటి నుంచి మామూలైపోయింది.

1964లో పాంటియాక్ జిటిఓ వంటి కార్లు షోరూమ్ నుంచే వేగంగా రావడంతో సొంతంగా కట్టుకునే అవసరం తగ్గింది. 1970లో ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో జరిగిన తొలి స్ట్రీట్ రాడ్ నేషనల్స్‌తో అభిరుచి తిరిగి లేచింది, కానీ ముడిసరుకు మారింది. 1932 ఫోర్డ్ బాడీలు తుక్కులో దొరికే కాలం పోయింది. ఫైబర్‌గ్లాస్ బాడీలు, తర్వాత అచ్చు పాతవాటిలా కొత్త ఉక్కుతో చేసిన బాడీలు అమ్మకానికి వచ్చాయి. 1974-78 నాటి మస్టాంగ్ 2 ముందు సస్పెన్షన్‌ను మొదట తుక్కు బండ్ల నుంచి తీసి వాడేవారు. అది అయిపోవచ్చాక అదే నమూనాను కంపెనీలు కొత్తగా తయారు చేస్తున్నాయి. మెరిసే ఖరీదైన ఈ బండ్లకు ఎదురుతిరిగి, 1990లలో తుప్పునూ అతుకులనూ దాచకుండా తుక్కుతోనే కట్టే ‘రాట్ రాడ్’ తరహా వచ్చింది.

ఇన్ని బండ్ల ముక్కలతో కట్టిన కారు ఏ సంవత్సరానిదన్న చిక్కు రిజిస్ట్రేషన్ దగ్గర తలెత్తుతుంది. పొగ పరీక్ష నియమాలు మోడల్ సంవత్సరాన్నిబట్టి ఉంటాయి. 2001లో కాలిఫోర్నియా చేసిన చట్టం ఏడాదికి 500 బండ్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. ఇంజను ఏ ఏటిదో, బండి ఏ ఏటి కారును పోలి ఉందో చూసి, ఆ రెండింటిలో ఒకదాన్ని యజమాని ఎంచుకోవచ్చు. ఏ పాత కారునూ పోలకపోతే దాన్ని 1960 మోడల్‌గా లెక్కిస్తారు.