పంచెలు నేసిన ఊరి ఫుట్‌బాల్ కథ

మన తాతల కాలంలో సీమగుడ్డ అంటే చాలావరకు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల గుడ్డే. ఆ లాంకషైర్‌లో బ్లాక్‌బర్న్ అనే ఊరి మగ్గాలు పంచెలు నేయడానికి పెట్టింది పేరు. మన రైతులకూ కూలీలకూ సరిపోయే పొడవు చూసి, అంచులు పెట్టి, చవగ్గా నేసి ఓడలకెక్కించేవారు. 1913లో బ్రిటన్ నుంచి ఎగుమతైన నూలుబట్ట సుమారు 700 కోట్ల గజాలు. అందులో దాదాపు 300 కోట్ల గజాలు భారతదేశానికే వచ్చాయి. మన పల్లెల్లో ఎన్నో చేమగ్గాలు మూలపడడానికి కారణమైన ఆ బట్టే అక్కడ ఒక ఊరిని నిలబెట్టింది. ఆ ఊరి నుంచే బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. పుట్టిన నూట ముప్పై అయిదేళ్లకు ఆ క్లబ్బు హైదరాబాద్ మూలాలున్న ఒక కోళ్ల వ్యాపార కుటుంబం చేతికొచ్చింది.

ఈ మధ్యలో జరిగిందంతా డబ్బుకూ ఊరికీ మధ్య నడిచిన చరిత్ర. డబ్బు ఊరితో కలిసి నడిచినప్పుడు రోవర్స్ ఇంగ్లండ్‌లో మొదటి వరుసలో నిలిచింది. ఊరికి దూరమైనప్పుడు దెబ్బతింది.

నూలు వడికే యంత్రం స్పిన్నింగ్ జెన్నీని కనిపెట్టిన జేమ్స్ హార్‌గ్రీవ్స్ బ్లాక్‌బర్న్ పక్కనున్న పల్లెవాడే. తమ పొట్ట కొడుతుందన్న కోపంతో చుట్టుపక్కల వడుకువాళ్లు అతని యంత్రాలను విరగ్గొట్టారు. కానీ యంత్రం ఆగలేదు. 1810లో లీడ్స్-లివర్‌పూల్ కాలువ ఊరిదాకా వచ్చింది, పత్తీ బొగ్గూ పడవల మీద దిగాయి. 1801లో పన్నెండు వేలున్న జనాభా వందేళ్లలో లక్షా ముప్పై వేలకు చేరువైంది. ఒక్కో నేతమనిషి నాలుగేసి మరమగ్గాలు చూసుకునేవారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. షెడ్డులో హోరుకు పక్కనున్న మనిషి మాట కూడా వినపడేది కాదు. అందుకని పెదవుల కదలికను చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. పని ముగిసి బయటికొచ్చాకా ఆ అలవాటు పోయేది కాదు.

ఇలాంటి మనుషుల చేతికి ఫుట్‌బాల్‌ను అందించింది ఒక చట్టం. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లూ పిల్లలూ శనివారం మధ్యాహ్నం రెండు దాటాక పని చేయకూడదు. వాళ్లు లేకపోతే మగ్గం నడవదు కాబట్టి మగవాళ్లకూ ఆ పూట సెలవు దొరికింది. శనివారం మధ్యాహ్నం మ్యాచ్ ఆడే ఇంగ్లిష్ సంప్రదాయం వేళ్లు ఇక్కడే ఉన్నాయి.

అయితే రోవర్స్‌ను స్థాపించినవాళ్లు మిల్లు కూలీలు కారు. 1875 నవంబర్‌లో లెజర్ హోటల్లో జరిగిన సమావేశానికి పూనుకున్న జాన్ లూయిస్, ఆర్థర్ కాన్‌స్టంటైన్ ఇద్దరూ ష్రూస్‌బరీలోని పెద్దింటి పిల్లల బడిలో చదివినవాళ్లు. లూయిస్ తర్వాత పేరున్న రిఫరీ అయ్యాడు. 1920 ఒలింపిక్ ఫైనల్లో చెకొస్లొవాకియా ఆటగాళ్లు అలిగి మైదానం వదిలి వెళ్లిపోయిన మ్యాచ్‌కు విజిల్ పట్టింది ఆయనే.

అప్పట్లో ఫుట్‌బాల్ అంటే దొరల ఆట. ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపే ఎఫ్‌ఏ కప్పు ఆ బడుల పాత విద్యార్థుల జట్లకూ సైనికాధికారులకూ రాసిపెట్టినట్టుండేది. దానికి మొదటి గండి కొట్టింది బ్లాక్‌బర్న్ పక్క ఊరు డార్వెన్. 1879 క్వార్టర్ ఫైనల్లో లండన్ వెళ్లి ఈటన్ బడి పాత విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌తో తలపడిన డార్వెన్ మిల్లు కుర్రాళ్లు 5-1తో వెనకబడి కూడా చివరి పావుగంటలో నాలుగు గోల్స్ కొట్టి 5-5తో నిలిచారు. అదనపు సమయం ఆడదామంటే ఈటోనియన్స్ ఒప్పుకోలేదు. డార్వెన్ జనం చందాలు వేసుకుని కుర్రాళ్లను మళ్లీ లండన్ పంపారు. ఆ మ్యాచ్ కూడా తేలలేదు, మూడోసారి ఓడిపోయారు.

ఆ డార్వెన్ జట్టులో గ్లాస్గో నుంచి వచ్చిన ఫెర్గస్ సూటర్ ఉన్నాడు. వృత్తి రాతిపని. లాంకషైర్ రాయి మరీ గట్టిగా ఉందని ఉలి పక్కన పెట్టేశాడని చెప్పుకుంటారు. మరి ఇల్లు ఎలా గడిచింది? ఆటకు డబ్బు తీసుకోకూడదన్నది ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమం. సూటర్‌కు డబ్బు చాటుగా ముడుతోందని అందరికీ తెలుసు. 1880లో అతను డార్వెన్‌ను వదిలి రోవర్స్‌కు మారినప్పుడు రెండు ఊళ్ల మధ్య పెద్ద గొడవే అయింది.

1882లో రోవర్స్ కప్పు ఫైనల్‌కు వెళ్లి ఈటోనియన్స్ చేతిలో 1-0తో ఓడింది. ఏడాది తిరిగేసరికి ఆ బాకీ తీరింది, తీర్చింది మాత్రం అదే ఊరి ఇంకో జట్టు. 1883 మార్చి 31న లండన్ ఓవల్ మైదానంలో బ్లాక్‌బర్న్ ఒలింపిక్, ఈటోనియన్స్‌కు ఎదురుగా నిలబడింది. ఒలింపిక్ జట్టులో నేతపనివాళ్లున్నారు, నూలు వడికేవాడున్నాడు, ప్లంబర్ ఉన్నాడు. ఊళ్లోని ఇనుప ఫౌండ్రీ యజమాని సిడ్నీ యేట్స్ ఇచ్చిన డబ్బుతో ఫైనల్‌కు ముందు బ్లాక్‌పూల్ సముద్రతీరంలో ఉండి సాధన చేసి వచ్చారు. మ్యాచ్ కోసం అలా శిక్షణ తీసుకోవడం ఆ రోజుల్లో కొత్త. నిర్ణీత సమయానికి 1-1. అదనపు సమయంలో నూలు మిల్లు కుర్రాడు జిమ్మీ కాస్ట్‌లీ విజయం గోల్ కొట్టాడు. కార్మికుల జట్టు చేతికి కప్పు రావడం అదే మొదలు. ఆ తర్వాత పాత విద్యార్థుల జట్టు ఏదీ దాన్ని మళ్లీ గెలవలేదు.

ఆ వెంటనే రోవర్స్ వంతు వచ్చింది. 1884, 1885, 1886, వరసగా మూడేళ్లు కప్పు గెలిచింది. మూడు జట్లలోనూ సూటర్ ఉన్నాడు. ఓవల్‌కు వెళ్లిన మిల్లు జనాన్ని, వాళ్ల యాసనూ బట్టలనూ ఒక లండన్ పత్రిక ఈసడిస్తూ రాసింది. జనం పట్టించుకోలేదు. గెలుపు రాత్రి ఊరంతా వీధుల్లోనే ఉంది.

అసలు యుద్ధం ఆటకిచ్చే డబ్బు మీద. తీరిక ఉన్న ధనవంతుడికి ఊరికే ఆడటం గొప్పతనం. వారం కూలితో బతికే నేతమనిషికి మ్యాచ్ కోసం పని మానుకుంటే ఆ పూట రొట్టె ఉండదు. 1884లో పక్క ఊరు ప్రెస్టన్ జట్టు నిర్వాహకుడు విలియం సడెల్, తాము ఆటగాళ్లకు డబ్బిస్తున్నామని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఆ జట్టును కప్పు నుంచి తప్పించారు. ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరు సంఘం పెట్టుకుంటామని బెదిరించాయి. చివరికి 1885 జులైలో ఆటకు జీతం తీసుకోవడం చట్టబద్ధమైంది. ఇవాళ ఫుట్‌బాల్ ఆడి కోట్లు సంపాదిస్తున్న ప్రతి ఆటగాడూ లాంకషైర్ మిల్లు ఊళ్ల ఆ పోరాటానికి రుణపడి ఉన్నాడు.

జీతాలివ్వాలంటే క్రమం తప్పని మ్యాచ్‌లు కావాలి. అలా 1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. అందులో రోవర్స్ ఒకటి. అక్రింగ్టన్‌తో ఆడిన మొదటి లీగ్ మ్యాచ్ 5-5తో ముగిసింది. కప్పు తెచ్చిన ఒలింపిక్ జట్టు మాత్రం జీతాల బరువు మోయలేక 1889లో మూతపడింది. ఊళ్లో రోవర్స్ మిగిలింది. 1890లో కాలువకు దగ్గర్లోని ఈవుడ్ పార్కుకు మారి అక్కడే స్థిరపడింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కప్పు మళ్లీ గెలిచింది. జిమ్మీ ఫారెస్ట్ అనే ఆటగాడు ఆ అయిదు ఫైనళ్లలోనూ విజేతగా పతకం అందుకున్నాడు.

బట్ట వ్యాపారం శిఖరాన ఉన్నప్పుడే రోవర్స్ కూడా శిఖరానికి చేరింది. 1912లో, 1914లో లీగ్ టైటిల్ గెలిచింది. మిల్లు యజమాని లారెన్స్ కాటన్ క్లబ్బు ఛైర్మన్‌గా డబ్బు పెట్టాడు. కెప్టెన్ బాబ్ క్రాంప్టన్ అదే ఊళ్లో పుట్టినవాడు. ఇంగ్లండ్ తరఫున 41 మ్యాచ్‌లు ఆడాడు. ఇరవై ఏళ్లకు పైగా రోవర్స్ చొక్కానే తొడిగాడు. 1928లో హడర్స్‌ఫీల్డ్‌ను 3-1తో ఓడించి రోవర్స్ ఆరో ఎఫ్‌ఏ కప్పు అందుకుంది. ఏడోది ఇప్పటికీ రాలేదు.

అప్పటికే ఊరి నడుం విరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ బట్ట పోటీకొచ్చింది, బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు పెరిగాయి, దిగుమతి సుంకాలు పెరిగాయి. వీటికి తోడు మన దేశంలో విదేశీ వస్త్ర బహిష్కరణ సాగింది. పంచెల కొనుగోలు పడిపోగానే బ్లాక్‌బర్న్ మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. 1931 సెప్టెంబర్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీజీ డార్వెన్ వెళ్లి పనిపోయిన కార్మికులను కలిశారు. ఎవరి పిలుపు వల్ల తమ పని పోయిందని విన్నారో ఆయన చుట్టూ చేరి మిల్లు ఆడవాళ్లు చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఫోటో ప్రపంచమంతా చూసింది. మీ బాధ నాకు తెలుసు, కానీ మా పల్లెల పేదరికం ఇంతకంటే ఘోరం అని ఆయన వాళ్లకు విడమరచి చెప్పారు. అయిదేళ్లకు, 1936లో, రోవర్స్ తన చరిత్రలో తొలిసారి పై డివిజన్ నుంచి జారిపోయింది. తర్వాత కొన్నాళ్లు పైకీ కిందికీ ఊగింది. 1971కల్లా మూడో డివిజన్‌కు దిగింది.

ఆ క్లబ్బును లేపింది ఉక్కు. బ్లాక్‌బర్న్‌లో పుట్టి, చిన్నప్పుడే బడి మానేసి, తండ్రి పెట్టిన రేకుల పని షెడ్డును సోదరుడితో కలిసి బ్రిటన్‌లోనే పెద్ద ఉక్కు పంపిణీ సంస్థగా పెంచిన జాక్ వాకర్, దాన్ని 33 కోట్ల పౌండ్లకు పైగా అమ్మేశాడు. కుర్రతనం నుంచి రోవర్స్ అభిమాని. 1991లో క్లబ్బు పగ్గాలు పట్టి, లివర్‌పూల్ మాజీ మేనేజర్ కెన్నీ డాల్‌గ్లిష్‌ను తెచ్చాడు. 1992లో పై డివిజన్‌కు ఎక్కగానే 30 లక్షల పౌండ్లకు పైగా, అప్పటికి బ్రిటన్‌లో రికార్డు ధర, పోసి అలన్ షియరర్‌ను కొన్నాడు. ఈవుడ్ పార్కులో మూడు వైపులా కొత్త స్టాండ్లు లేచాయి.

1995 మే 14, సీజన్ చివరి రోజు. రోవర్స్ లివర్‌పూల్ సొంత మైదానం యాన్‌ఫీల్డ్‌లో ఆడుతోంది. రెండు పాయింట్లు వెనకున్న మాంచెస్టర్ యునైటెడ్ లండన్‌లో వెస్ట్‌హామ్‌తో ఆడుతోంది. షియరర్ మొదటి గోల్ కొట్టాడు, ఆ సీజన్ లీగ్‌లో అతనికది 34వది. తర్వాత లివర్‌పూల్ సమం చేసింది. యునైటెడ్ గెలిస్తే టైటిల్ చేజారేలా ఉంది. స్టాండ్లలో జనం రేడియోలు చెవికానించుకున్నారు. ఆఖరి క్షణాల్లో జేమీ రెడ్‌నాప్ ఫ్రీకిక్ రోవర్స్ వలలో పడింది, 2-1. రోవర్స్ ఓడింది. సరిగ్గా అప్పుడే లండన్ నుంచి కబురు వచ్చింది, వెస్ట్‌హామ్ 1-1తో యునైటెడ్‌ను ఆపేసింది. ఒక్క పాయింటు తేడాతో, 89-88తో, బ్లాక్‌బర్న్ విజేత. ఒకప్పటి తమ హీరో డాల్‌గ్లిష్ కోసం లివర్‌పూల్ అభిమానులు కూడా చప్పట్లు కొట్టారు. 81 ఏళ్ల తర్వాత లక్ష జనాభా ఉన్న ఊరికి టైటిల్ వచ్చింది.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1996లో షియరర్ కోటిన్నర పౌండ్లకు న్యూకాజిల్ వెళ్లిపోయాడు, 1999లో రోవర్స్ కిందికి జారింది. 2000 ఆగస్టులో వాకర్ కన్నుమూశాడు. మరుసటి ఏడాది జట్టు తిరిగి పైకొచ్చింది, 2002లో టాటెన్‌హామ్‌ను ఓడించి లీగ్ కప్పు కూడా తెచ్చింది.

2010 నవంబర్‌లో వెంకీస్ సంస్థ 2.3 కోట్ల పౌండ్లకు క్లబ్బును కొనుక్కుంది. ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లోని ఒక క్లబ్బుకు భారతీయులు యజమానులు కావడం అదే తొలిసారి. ఆ సంస్థకు మూలపురుషుడు హైదరాబాద్‌కు చెందిన బి.వి.రావు. ఇళ్లకు పరిమితమైన కోళ్ల పెంపకాన్ని పరిశ్రమగా మార్చినవాడు, కోడిగుడ్ల ధర రైతు చేతిలో ఉండాలని జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ (నెక్)కి 1982లో నాంది పలికినవాడు. ఆయన పిల్లలు అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు పుణె కేంద్రంగా ఆ వ్యాపారాన్ని నడుపుతున్నారు.

కొన్న నెల రోజుల్లోపే అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేశారు. అప్పటికి జట్టు పదమూడో స్థానంలో ఉంది. జట్టు కోచ్ స్టీవ్ కీన్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. స్టాండ్లలో నిరసనలు మొదలయ్యాయి. 2012 మే 7న విగాన్ చేతిలో ఈవుడ్‌లోనే ఓడి రోవర్స్ ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది. ఆ రోజు ఎవరో అభిమాని క్లబ్బు జెండా చుట్టిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలాడు. తర్వాతి సీజన్‌లో 1995 విజేత జట్టు సభ్యుడు హెన్నింగ్ బెర్గ్‌ను మేనేజర్‌గా తెచ్చి 57 రోజులకే పంపించేశారు. 2017లో రోవర్స్ గోల్స్ తేడాతో మూడో అంచెకు పడింది. 2018లో టోనీ మౌబ్రే మళ్లీ రెండో అంచెకు చేర్చాడు. 2023లో అదే గోల్స్ తేడా పై అంచెకు దారితీసే ప్లేఆఫ్ అవకాశాన్ని లాగేసింది.

ఊరు కూడా మారింది. 1960లలో రాత్రి షిఫ్టులకు మనుషులు దొరక్క మిల్లులు గుజరాత్ నుంచీ పాకిస్తాన్ నుంచీ పనివాళ్లను తీసుకున్నాయి. మిల్లులు పోయినా వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఇవాళ బ్లాక్‌బర్న్, డార్వెన్ జనాభాలో మూడోవంతుకు పైగా ముస్లింలు. 2022 మేలో ఈవుడ్ పార్కు పచ్చిక మీద రంజాన్ నమాజు జరిగింది. ఇంగ్లండ్‌లో ఏ ఫుట్‌బాల్ క్లబ్బూ అంతకుముందు తన మైదానాన్ని అందుకు ఇవ్వలేదు.

వెంకీస్ కుటుంబం ఏటా కోట్ల పౌండ్లు పంపి క్లబ్బును మునగకుండా చూసింది, దాన్ని కాదనలేం. అయితే సిడ్నీ యేట్స్, లారెన్స్ కాటన్, జాక్ వాకర్ డబ్బుతో పాటు ఇంకొకటి కూడా ఇచ్చారు. వాళ్లు ఆ ఊరి మనుషులు, జనం ఎదురుపడి నిలదీయగలిగే మనుషులు. పుణె యజమానులు ఈవుడ్‌లో కనిపించడం అరుదైపోయింది, అభిమానుల ఫిర్యాదుల్లో పెద్దది అదే. వందేళ్లు మనకు బట్ట నేసిన ఊరి క్లబ్బు ఇవాళ తెలుగు మూలాలున్న కుటుంబం చేతిలో ఉంది. వాళ్లు ఆ ఊరికి వెళ్లాలి, స్టాండ్లలో కూర్చోవాలి, అక్కడి జనం చెప్పేది వినాలి.