పొగకో దారి

తర్కశాస్త్రం చదువుకున్నవాళ్ళు కొండ మీద పొగ కనపడితే చాలు, అక్కడ నిప్పుందని తేల్చేస్తారు. ఎలాగయ్యా అంటే, వంటింట్లో చూడలేదూ అంటారు. మన తెలుగువాడే అయిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’లోనూ ఈ వంటిల్లే ఉదాహరణ. పొగనీ చూశారు, నిప్పునీ చూశారు మహానుభావులు. ఆ రెంటి మధ్యా కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్న మనిషి ఊసు మాత్రం ఎత్తలేదు. వాదానికి ఆవిడతో పనేముంది లెండి!

మా మార్కాపురం, గిద్దలూరు వైపు పాత మట్టిమిద్దెల్లో ఆ మనిషి కోసం చేసిన ఏర్పాటల్లా గవాచి ఒక్కటే. పుస్తకాల్లో గవాక్షం అంటారు. మిద్దెకి మూరెడు కంత. వెలుతురు దిగాలన్నా అదే దారి, పొగ ఎక్కాలన్నా అదే దారి. వానొస్తే ఎవరో మిద్దెక్కి దానిమీద బండ మూసేవాళ్ళు. ఇంక పొగంతా ఇంట్లోనే. తడిసిన కంప, కందికట్టె, పత్తికట్టె, ఏది చేతికందితే అది పొయ్యిలోకి. పొగ మంచిదేనన్న వాదన కూడా ఉండేది. దూలాలకి చెద పట్టదట, ఉట్టిమీది విత్తనాలకి పురుగు పట్టదట. దూలాల సంగతి నిజమే కావచ్చు. మా అమ్మమ్మ కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. యాభై ఏళ్ళకే ఆవిడ రెప్పలు ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉండేవి. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ దగ్గే ఆవిడ పలకరింపైపోయింది. వీధిలోంచే దగ్గు విని, అమ్మమ్మ ఇంట్లోనే ఉందని మేం పిల్లలం తెలుసుకునేవాళ్ళం. అదీ ఓ తర్కమే.

ఈ పొగ గురించి గట్టిగా ఆలోచించినవాళ్ళలో ఒకాయన మన హైదరాబాదాయనే, ఎస్.పి. రాజు గారు. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయంలో పొగరాని పొయ్యి తయారుచేసి, కోట్లాదిమందికి పొగలేని వంటిళ్ళు అని అర్థం వచ్చే పేరుతో 1953లో ఇంగ్లీషులో ఓ పుస్తకం వేశారు. పొయ్యి మట్టిదే, కట్టెలూ మామూలువే. కిటుకంతా గొట్టంలో ఉంది. వేడిగాలి తేలిక కనక గొట్టంలో పైకి లేస్తుంది, లేస్తూ పొగని వెంట లాక్కుపోతుంది. 1980లలో కేంద్రప్రభుత్వం ఇలాంటి పొయ్యిల్ని దేశమంతా కట్టించింది. కట్టించారు సరే, గొట్టంలో మసి పేరుకుంటే తుడిచేదెవరు? పగిలితే అతికేదెవరు? చాలా ఇళ్ళు మళ్ళీ పాత పొయ్యికే వచ్చాయి. 2002లో ఆ పథకమూ ఆగింది.

ఈలోగా 1999లో ‘దీపం’ పథకం పుణ్యమా అని పల్లెల్లో పొదుపు సంఘాల ఆడవాళ్ళ ఇళ్ళకి సిలిండరు వచ్చింది. గ్యాసుకీ కట్టెలకీ తేడా ఎంతంటారా? నిజామాబాదు, రంగారెడ్డి, వరంగల్లు జిల్లాల్లో 420 ఇళ్ళలో గాలిని కొలిచి 2004లో లెక్క ప్రచురించారు. ఘనపు మీటరు గాలిలో సన్నటి నుసి గ్యాసు ఇళ్ళలో సగటున 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టెలూ పిడకల ఇళ్ళలో 732 దాకా ఉంది. ఎక్కువ మింగేది వండే ఆడవాళ్ళే. మగవాళ్ళలో ఎవరయ్యా అంటే, ఇల్లు కదలని 65 ఏళ్ళు దాటిన ముసలాయనలు!

మరి గ్యాసొచ్చాక ఈ చిమ్నీ ఎందుకమ్మా అంది మా అత్తగారు. ఆవిడ లెక్కలో చిమ్నీ అంటే ముగ్గుపొడితో తోమే లాంతరు గాజు. ఎండుమిరపకాయ పోపు పడగానే ఇంటిల్లిపాదీ తుమ్మడం లేదా అన్నాను. గ్యాసు మంట మసి చేయకపోయినా నూనె ఆవిరి, కంటికి కనపడని వాయువులు ఉండనే ఉన్నాయి.

చిమ్నీ బిగించడానికొచ్చిన అబ్బాయి, రెండడుగుల రాతిగోడ చూసి, గొట్టాన్ని అటకమీదే వదిలేద్దామన్నాడు. అంటే పొగ వంటింట్లోంచి అటకమీదికి కాపురం మారుస్తుందన్నమాట! నేను ఒప్పుకోలేదు. గోడకి కన్నం పడాల్సిందే. గొట్టం ఆరంగుళాలది ఉండాలి, వంపులు ఎన్ని తక్కువైతే అంత మంచిది. ప్రతి వంపు దగ్గరా గాలి జోరు తగ్గుతుంది, నూనె పేరుకుంటుంది. పొయ్యికీ చిమ్నీకీ మధ్య రెండడుగుల పైచిలుకు ఎడం. బయటి కొసకి పిచ్చుకలు దూరకుండా మూత. ఇవన్నీ చేసి కిటికీలు బిడాయించుకుంటే మాత్రం లాభం లేదు. లోపలికి గాలి రానిదే బయటికి ఏం పోతుంది? గొట్టం అక్కర్లేని బొగ్గు ఫిల్టరు రకం కూడా ఉంది కానీ, అది వాసన కాస్త పీల్చి వేడినీ చెమ్మనీ మన ముఖానే కొడుతుంది.

కింద స్టీలు జల్లెడ ఉంటుంది. గాలి అందులో మెలికలు తిరిగేసరికి నూనె అక్కడే అంటుకుపోతుంది. నెలకోసారి వేడినీళ్ళలో నానబెట్టి తోమాలి. రాజు గారి గొట్టంలో మసి లాంటిదే ఇదీ. అది ఎవరి పనో మా ఇంట్లో ఇంకా తేలలేదు. రెండు నెలలైంది. మావారు మాత్రం రోజూ దాని లైటు వేసి, చూసి, ఆర్పి వెళుతున్నారు.