ఇంగ్లీషు తలుపుకి మన లక్క

ఇంగ్లండులో పాత ఇంటి తలుపు రంగు గీకి చూస్తే కింద టేకూ ఉండదు, ఓకూ ఉండదు. చాలాచోట్ల ముడులు తేలిన పైన్ చెక్కే. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌ని మళ్ళీ కట్టడానికి నార్వే నుంచీ, బాల్టిక్ తీరం నుంచీ ఓడలకొద్దీ దిగిన చవక కలప ఇది. అందుకే రంగు వెయ్యకుండా వదిలేవారు కాదు.

చిక్కల్లా ముడితోనే. కొమ్మ మొలిచిన ఆ చోట బంక నిండి ఉంటుంది. ఎండ తగిలితే మెత్తబడి ఉబుకుతుంది. నూనె రంగులో కలిసిపోయి, ఎన్ని పూతలేసినా పసుపు మచ్చగా తేలుతుంది. పాతకాలం పెయింటర్లు సీసపు సింధూరాన్ని జిగురులో కలిపి ముడుల మీద పూసేవారు.

19వ శతాబ్దంలో షెల్లాక్ వాడకం పెరిగింది. అంటే లక్కే! ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ, పాండవుల్ని కాల్చడానికి కట్టిన ఇంటిదీ ఇదే. మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే లక్కని ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసులు సేకరిస్తే, మీర్జాపూర్ లాంటి ఊళ్ళలో కరిగించి పల్చటి రేకులు తీసేవారు. ఆ రేకులు స్పిరిట్‌లో కరుగుతాయి గానీ టర్పెంటైన్‌కీ, నూనెకీ లొంగవు. కిటుకంతా అక్కడే ఉంది. ఇక్కడి కొట్లలో దాని పేరు 'నాటింగ్'. డబ్బా చూస్తే లక్క అని ఎవరికి తడుతుంది చెప్పండి?

పని వరస మాత్రం పెద్దగా మారలేదు. ఉప్పు కాగితంతో రుద్ది, ముడిని స్పిరిట్‌తో తుడిచి, దాని అంచు దాటేలా షెల్లాక్ పల్చగా రెండుసార్లు. తర్వాతే ప్రైమర్, ఆ పైన లప్పం. ముందే లప్పం పెడితే పచ్చి చెక్క అందులోని నూనె పీల్చేస్తుంది, అది కాస్తా ఊడొస్తుంది. కదిలే ముడిని తీసేసి చెక్క బిళ్ళ అతకాల్సిందే. పాత తలుపైతే రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకండి.