కుక్క పళ్లెంలో చరిత్ర: రాగిసంగటి నుంచి బీగిల్ ఆహారం దాకా

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– రాతపూర్వక ఆధారాలు తక్కువగా ఉన్న విషయానికి చరిత్ర ఎలా రాయవచ్చో వివరించగలుగుతారు;
– పెంపుడు కుక్క ఆహారానికీ, ఒక ప్రాంతపు వ్యవసాయానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు;
– 'సమతులాహారం' అనే భావన రూపొందడంలో కుక్కల పాత్రను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, శాసనాలే కాదని మీరు ముందు పాఠాలలో చదివారు. తిండికి కూడా చరిత్ర ఉంది. మనిషి తిండికే కాదు, మనిషి గడపలో కాపలా పడుకున్న జంతువు తిండికీ చరిత్ర ఉంది. ఇవాళ మదనపల్లెలోనో, కుప్పంలోనో ఒక కుటుంబం బీగిల్ జాతి కుక్కపిల్లను తెచ్చుకుంటే మొదట వచ్చే ప్రశ్న 'దీనికి ఏం పెట్టాలి?' అన్నది. వాళ్ల తాతగారి ఇంట్లో ఈ ప్రశ్నే పుట్టి ఉండదు. మిగిలిన సంగటి ముద్ద, కాస్త మజ్జిగ చాలనుకునేవారు. ఒక ఇంట్లో ప్రశ్న లేకపోవడానికీ, ఇంకో ఇంట్లో ప్రశ్న పుట్టడానికీ మధ్య ఏం మారిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

2. ఆధారాల సమస్య

పూర్వపు రెవెన్యూ లెక్కలలో ఎడ్లు, ఆవులు, గొర్రెలు కనిపిస్తాయి. ఊరికుక్క వెల కట్టే ఆస్తి కాదు కనుక లెక్కలోకి రాలేదు. పుంగనూరు పేరు చెప్పగానే పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది కాని, ఆ ఆవు కొట్టం ముందు కాపలా ఉన్న కుక్క గుర్తుకు రాదు.

అయితే రాయి కొన్నిసార్లు కాగితం కంటే ఉదారంగా ఉంటుంది. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో సుమారు క్రీ.శ. 949–50 నాటి శిలాశాసనం ఒకటి దొరికింది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడు తన ప్రభువైన గంగరాజు రెండవ బూతుగుని దగ్గర 'కాళి' అనే వేటకుక్కను కానుకగా కోరి తీసుకున్నాడు. ఆ కుక్క ఒక అడవిపందితో పోరాడి, దానిని చంపి, తానూ చనిపోయింది. దాని జ్ఞాపకంగా రాయి నిలిపి, భూమి దానం చేశారు. వీరగల్లులకు పేరున్న మన ప్రాంతానికి ఈ సంస్కృతి పరాయిది కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వేటకుక్కకు శాసనం దొరికింది, ఊరికుక్కకు దొరకలేదు. మనుషులలో ఉన్న హెచ్చుతగ్గులు కుక్కలలోనూ ప్రతిఫలించాయి. ఊరికుక్క చరిత్ర తెలుసుకోవాలంటే శాసనాలను దాటి, వ్యవసాయం, సామెతలు, పెద్దల జ్ఞాపకాలు, చివరకు కుక్క శరీరం దగ్గరకు కూడా వెళ్లాలి.

3. శరీరమే ఆధారం

2013లో స్వీడన్ పరిశోధకులు కుక్క, తోడేలు జన్యువులను పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో సాధారణంగా 2 ప్రతులు ఉంటే, కుక్కలలో 4 నుంచి 30 దాకా ఉన్నట్టు తేలింది. సేద్యం అంతగా లేని ఆర్కిటిక్ ప్రాంతపు కుక్కలలో ఈ ప్రతులు తక్కువని తరువాతి పరిశోధనలు చూపాయి. అంటే మనిషి ధాన్యం పండించి వండుకున్న చోట, ఆ మెతుకులు తిని బతకగలిగిన కుక్కలే తరతరాలుగా నిలిచాయి. కుక్క శరీరంలో వ్యవసాయ చరిత్ర రాసి ఉంది.

కనుక 'కుక్క మాంసాహారి, దానికి సంగటి పెట్టడమే తప్పు' అన్న వాదన చరిత్రకు నిలవదు. 'సంగటి ఒక్కటే చాలు' అన్న వాదన నిలుస్తుందా? అది వేరే ప్రశ్న.

4. సంగటి ముద్ద, తిరిగే కాళ్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం ప్రధానంగా మెట్టభూమి. చెరువు కింద వరి, మెట్టలో రాగి, వేరుశనగ ఇక్కడి పంటలు. ఇంట్లో ఏది ఉడికితే కుక్కకూ అదే అందేది. రాగిలో సున్నం అధికం. 100 గ్రాములలో సుమారు 340–360 మిల్లీగ్రాములు. మాంసకృత్తులు మాత్రం 7 గ్రాములే.

మరి ఆ కుక్కలు ఎలా బతికాయి? ఊరికుక్క ఇంటి ముద్ద మీదే ఆధారపడలేదు. పొలంలో ఎలుకను పట్టేది. గొర్రెల మంద వెంట తిరిగేది. వేట కోసిన చోట ఎముక, పేగు దొరికేవి. ఇల్లు శక్తినిచ్చే గింజను ఇస్తే, మిగిలిన పోషకాలను కుక్క తన కాళ్లతో సంపాదించుకుంది. అయినా ఇదొక స్వర్ణయుగమని అనుకోకండి. ఆ కుక్కల ఆయుష్షు ఎంతో ఎవరూ లెక్కపెట్టలేదు. 1876–78 నాటి మహా కరువులో మనిషికే గంజి కరువైనప్పుడు, మనిషి మిగులు మీద బతికే జంతువు గతి ఏమై ఉంటుందో మీరే ఊహించవచ్చు.

5. సమతులాహార భావన: కుక్క చెల్లించిన మూల్యం

'సమతులాహారం' అనే మాటను మనం ఇవాళ మనుషుల విషయంలో తేలికగా వాడుతున్నాం. దాని వెనుక కుక్కల ప్రాణాలు ఉన్నాయి.

1919లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలకు ప్రధానంగా ఓట్ల జావ వంటి ధాన్యాహారం పెట్టి, వాటికి రికెట్స్ వ్యాధి వస్తుందనీ, కాడ్ చేపనూనె దానిని నివారిస్తుందనీ చూపాడు. విటమిన్ 'డి' ఆవిష్కరణకు ఇది దారి వేసింది. అమెరికాలో పెల్లాగ్రా వ్యాధికి సమానమైన 'నల్లనాలుక' వ్యాధి కుక్కలలో ఉండేది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లంతో దానిని నయం చేశాడు. ఆ మందే మనుషులకూ పనిచేసింది.

ఈ కథలో తెలుగునేలకు కూడా చోటు ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చేతిలో మొదలైన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. మొక్కజొన్న తినేవారికి వస్తుందనుకున్న పెల్లాగ్రా, ఇక్కడ జొన్న తినే పేదలలో కనిపించింది. సి.గోపాలన్, ఆయన సహచరులు 1960వ దశకంలో జొన్నలో అధికంగా ఉండే లూసిన్ దీనికి కారణం కావచ్చునని ప్రతిపాదించి, కుక్కలలో నల్లనాలుక వ్యాధిపై పరీక్షలు జరిపారు. ఈ సిద్ధాంతంపై తరువాత వాదోపవాదాలు సాగాయి. కాని ఒకే గింజ మీద బతికే పేదవాని జబ్బుకు కారణం వెతకడంలో కుక్క నాలుక సాక్ష్యం చెప్పింది. కుక్క ఆహార చరిత్ర మన ఆకలి చరిత్రలో భాగమని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. సాత్వికమైన స్వభావం, చిన్న పరిమాణం వల్ల బీగిల్‌నే ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఎక్కువగా ఎంచుకున్నాయన్నది కూడా మరువరాదు.

6. బీగిల్ మన ఇంటికి వచ్చినప్పుడు

బీగిల్ ఇంగ్లండులో కుందేళ్ల వేటకు పెంచిన జాతి. రోజంతా వాసన పట్టి పరుగెత్తడానికి తగిన ఆకలి దానిది. వేట పోయింది, ఆకలి మిగిలింది. ఆ జాతి తేలికగా లావెక్కడానికి ఇదొక ముఖ్య కారణం.

ఒక చిన్న లెక్క చూద్దాం. 10 కిలోల పెద్ద బీగిల్‌కు రోజుకు సుమారు 600–650 కిలోకేలరీలు కావాలి. 200 గ్రాముల రాగిపిండి ఈ శక్తిని ఇస్తుంది. కాని అందులో మాంసకృత్తులు 14 గ్రాములే. పెద్ద కుక్క ఆహారంలో 1000 కిలోకేలరీలకు కనీసం 45 గ్రాముల మాంసకృత్తులు ఉండాలన్నది నేటి ప్రమాణం. ఆ లెక్కన దానికి 28 గ్రాములకు పైగా కావాలి. అంటే కడుపు నిండినా సగమే అందింది. పిండి తగ్గించి గుడ్డు, ఉడికించిన మాంసం చేర్చాలి. సంగటి పెంచితే మాంసకృత్తుల కంటే ముందు కొవ్వు పెరుగుతుంది. విటమిన్లు, ఖనిజాల కొలత పశువైద్యుడిని అడిగి నిర్ణయించుకోవాలి. కుక్క చర్మం ఎండలో తగినంత విటమిన్ 'డి' తయారు చేసుకోలేదు కనుక అది ఆహారం నుంచే రావాలి.

ఇంకొక జాగ్రత్త. సంగటితో పాటు మనం తినే పులుసులో, సాంబారులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఉడికినా సరే, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, చాక్లెట్ కూడా ప్రమాదకరమే. కుక్కకు నేతికూడు ఇమడదన్న సామెతను ఎగతాళిగా వాడతాం కాని, ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు పెడితే క్లోమం వాచే ప్రమాదం ఉన్నమాట నిజం.

7. సారాంశం

తాతగారి ఇంటి కుక్కకూ, నేటి బీగిల్‌కూ అసలు తేడా జాతిలో లేదు, స్వేచ్ఛలో ఉంది. అది తిరిగి సంపాదించుకుంది. ఇది గొలుసుకు, గేటుకు లోపల ఉంది. గొలుసు వేసిన రోజునే దాని ఆహారానికి పూర్తి బాధ్యత మన మీద పడింది. లండనులో 1860వ దశకంలో జేమ్స్ స్ప్రాట్ కుక్క బిస్కెట్ల వ్యాపారం మొదలుపెట్టగలగడానికీ ఇలాంటి పట్టణ జీవితమే నేపథ్యం. 'పాతకాలంలో ఇదే పెట్టాం, ఏమీ కాలేదు' అని ఎవరైనా అన్నప్పుడు, పాతకాలంలో ఇంకా ఏమేమి ఉండేవో అడగడం చరిత్ర విద్యార్థి చేయవలసిన పని.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆతకూరు శాసనం వేటకుక్కకూ ఊరికుక్కకూ ఉన్న తేడాను ఎలా తెలుపుతుంది?
2. పెల్లాగ్రా కారణాల అన్వేషణలో కుక్కల పాత్రను 10 పంక్తులలో రాయండి.
3. అభ్యాసం: మీ ఊరిలో 70 ఏళ్లు దాటిన ఇద్దరిని కలిసి, వారి చిన్ననాట ఇంటి కుక్కకు ఏమి పెట్టేవారో, కరువు ఏడాదిలో ఏమి పెట్టారో అడిగి రాసుకోండి. ఇద్దరి మాటలలో తేడా వస్తే కొట్టివేయకండి. ఆ తేడాకు కారణం వెతకండి.