గోళీ మీది మచ్చ

పాత గాజుగోళీ చేతికందితే నేను ముందుగా వెదికేది రంగును కాదు, మచ్చను. జర్మనీలోని లౌషా గ్రామంలో 1840లలో గోళీల కత్తెర వాడుకలోకి వచ్చింది. రంగుపోగులు పొదిగిన గాజుకడ్డీని కాచి, మెలిపెట్టి, ఆ కత్తెరతో గుండ్రంగా మలచి తెంచేవారు. తెంచినచోట గరుకుమచ్చ మిగిలేది. అమెరికాలోని ఏక్రన్ వాసి మార్టిన్ క్రిస్టెన్సెన్ 1905లో గోళీల యంత్రానికి పేటెంటు పొందాడు. యంత్రంలో దొర్లి వచ్చినవాటికి ఆ గరుకుమచ్చ ఉండదు.

అయితే నేటి కళాకారులు చేతితో చేసే గోళీలకూ మచ్చ ఉండవచ్చు. కనుక మచ్చ ఒక్కటే వయసును చెప్పదు. మనిషి చేతిని చెబుతుంది. నునుపు కోసం సానపడితే చెరిగిపోయేది పేరెరుగని ఆ పనివాడి సంతకమే. మీ ఇంట పాతగోళీలుంటే, మిత్రులారా, తుడవండి చాలు, సానపట్టకండి.